పదింటికి ఎనిమిది గంటలు

“పదింటికి గడియారం ఎనిమిది గంటలు కొట్టిందట,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఖాళీ టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. “అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఈ అమ్మాయికి అదీ చేతకాలేదు.”

నిమిషాలమ్మ చేతి గడియారం చూసుకుంది. రెండూ పది. అయిదింటికి ఆ అమ్మాయిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత ఆమె జైలుకి, ఆమె అయిదు నెలల కొడుకు ఎవరి చేతుల్లోకో వెళ్లిపోతారు. మిగిలింది రెండు గంటల యాభై నిమిషాలు. నిమిషాలమ్మ ఇంతకంటే తక్కువ వ్యవధిలో ఇంతకంటే పెద్ద చిక్కుముళ్లు విప్పింది కాబట్టి ఆమెకేం కంగారు కలగలేదు.

ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. ఆమె ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇరవై రెండేళ్లు టైమ్‌కీపరుగా పనిచేసింది. ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడు సైకిలు పంక్చరయిందని చెబితే, పంక్చరుకి పదహారు నిమిషాలు పడుతుంది, ఏడు నిమిషాలు నిద్రకి సరిపోతాయి అని మొహం మీదే చెప్పేది. కార్మికులు తిట్టుకుంటూ పెట్టిన పేరు అది. ఫ్యాక్టరీ మూతపడ్డాక దాన్నే బోర్డు మీద రాయించుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయింది. ఇన్‌స్పెక్టర్ ఇప్పటికి రెండు కేసుల్లో ఆమె చేతిలో భంగపడ్డాడు. మూడోసారి ముందే గెలిచేయాలని అతని పట్టుదల.

కేసు వివరాలు అతను చాలా తృప్తిగా చెప్పాడు. గడియారాలు బాగుచేసే ముసలి మేస్త్రి నిన్న ఉదయం పదింటికి దుకాణంలో అటక మెట్ల మీంచి పడి చనిపోయాడు. ఆ సమయంలో లోపల ఉన్నది అతని కూతురొక్కతే. ముందురోజు తండ్రీకూతుళ్లు గట్టిగా పోట్లాడుకున్నారు, ‘వద్దు నాన్నా, వద్దు’ అని ఆమె అరవడం వీధిలో నలుగురూ విన్నారు. పక్క దుకాణం దర్జీ వచ్చేసరికి మేస్త్రి మెట్ల కింద పడి ఉన్నాడు, కూతురు గడ్డం చిట్లి, నెత్తురు కారుతూ నేల మీంచి లేస్తోంది. పైనుంచి తోసేసి, కిందికి పరిగెత్తబోయి కాలుజారిందని ఇన్‌స్పెక్టర్ తేల్చాడు. కూతురేమో ఎవరినీ తోయలేదనీ, గడియారం గంట కొట్టడంతో తనూ నాన్నా ఒకేసారి పడిపోయామనీ అంటుంది.

“ఆ దుకాణంలో ఏ గడియారమూ గంట కొట్టదు. ఇరవై ఏళ్లుగా కొట్టలేదు. అది ఆ వీధిలో కుక్కని అడిగినా చెబుతుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“కుక్కని తర్వాత అడుగుదాం. ముందు అమ్మాయిని చూపించండి,” అంది నిమిషాలమ్మ.

లాకప్‌లో మేస్త్రి కూతురు బెంచీ ఖాళీగా ఉండగా మూలన నేల మీద కూర్చుని ఉంది. మడిచిన దుప్పటిని తల పక్కన గోడకి ఆనించి పెట్టుకుంది. ఎందుకలా కూర్చుందో ఆ మరుక్షణమే తెలిసింది. లేడీ కానిస్టేబుల్ గడియ లాగిన చప్పుడుకి ఆ అమ్మాయి పిడికిళ్లు బిగిశాయి, మెడా నడుమూ కాళ్లూ ఒక్కసారిగా కొయ్యబారాయి, మనిషి దూలంలా పక్కకి ఒరిగి దుప్పటి మీద పడింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ కళ్లు గదిలోకి వచ్చిన ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాయి. తొమ్మిది సెకన్ల తర్వాత ఒళ్లు సడలింది.

“నిన్నటినుంచీ ఇదే నాటకం. తలుపు తీసినప్పుడల్లా ఒక పాత్ర,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ మాటకి నిమిషాలమ్మకి ఒళ్లు మండింది. నిన్నటినుంచీ ఈ తలుపు ఎన్నిసార్లు తెరిచి ఉంటారో, ఎన్నిసార్లు ఈ పిల్ల ఇలా కూలి ఉంటుందో ఆమె మనసు దానంతటదే లెక్క వేసింది. కోపాన్ని పక్కనపెట్టి సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఆమెకి ఈ కేసు అప్పగించింది అమ్మాయి మేనత్త. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ పొద్దున్నే వచ్చి, నరాల డాక్టరు ఇచ్చిన ఉత్తరం చేతిలో పెట్టి వెళ్లింది. దానిలో జబ్బు పేరు హైపరెక్‌ప్లెక్సియా అని ఉంది. నోరు తిరగని ఆ పేరుతో పనిలేకుండా ఆ ఇంట్లో దాన్ని ‘ఉలుకు’ అంటారు. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు, కాని వచ్చిన ఇంట్లో తల్లో తండ్రో నుంచి పిల్లలకి దిగుతుంది. ఈ అమ్మాయికి తండ్రి నుంచి దిగింది. ఎదురుచూడని చప్పుడైనా, ఎదురుచూడని స్పర్శయినా ఒళ్లంతా బిగిసిపోతుంది. తెలివి పోదు. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకోవడం మాత్రం కుదరదు.

“ఉత్తరాలు ఎవరైనా రాయించుకోవచ్చు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ముక్కుని ఎవరూ రాయించుకోలేరుగా,” అంది నిమిషాలమ్మ. ఆ జబ్బున్నవాళ్ల ముక్కు కొన మీద వేలితో మెల్లిగా తడితే తల వెనక్కి విసురుగా పోతుందనీ, మామూలు మనుషులు రెండు మూడుసార్లకి అలవాటుపడతారు గాని వీళ్లకి ఆ అలవాటు రాదనీ ఉత్తరంలో ఉంది. అమ్మాయి అనుమతి అడిగి, ఆ పని లేడీ కానిస్టేబుల్ చేత చేయించింది. మొదటి తట్టుకి తల ఎంత వేగంగా వెనక్కి పోయిందో పదో తట్టుకీ అంతే పోయింది. పదకొండోది తట్టడానికి కానిస్టేబుల్‌కి మనసొప్పలేదు. పాపం సార్, ఇది నటన కాదు అని గొణిగింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం సాధనతో అన్నీ వస్తాయన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాడికి నాలుగో కాలు చూపించినా తోక అంటాడని నిమిషాలమ్మకి తెలుసు.

ఆమె అమ్మాయి పక్కన చతికిలబడి నిన్నటి ఉదయం గురించి నిమిషం నిమిషం చొప్పున అడిగింది. తొమ్మిదింటికి భర్త బిడ్డని మేనత్త ఇంట్లో దింపి వచ్చాడు. తొమ్మిదిన్నరకి తండ్రి అటక మీదికి వెళ్లాడు. అక్కడున్న పెద్ద గడియారమే దుకాణానికి ప్రమాణం, దాన్నిబట్టి జేబు గడియారం సరిచేసుకుని సరిగ్గా పదింటికి మొదటి మెట్టు దిగుతాడు. ఇరవై ఏళ్లుగా ఒక్క రోజు తప్పలేదు. తొమ్మిదీ నలభైకి భర్త ఒక బ్యాంకులో గోడ గడియారం చూడ్డానికి బయల్దేరాడు. అతను కూడా ఆ దుకాణంలోనే తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న మెకానిక్కు. ఆమె బల్ల దగ్గర నిలబడి ఒక చక్రానికి పళ్లు తుడుస్తోంది. అప్పుడు వెనక గోడ నుంచి గంట కొట్టింది.

“మొదటి దెబ్బకే పడ్డానమ్మా. నాన్న పడటం కూడా వినపడింది. ప్రతి గంటకీ మళ్లీ మళ్లీ బిగుసుకుపోతుంటే లేవలేకపోయాను. బిగిసినప్పుడు లెక్కపెట్టుకో, భయం తగ్గుతుంది అని చిన్నప్పటి నుంచీ నాన్న చెప్పేవాడు. అందుకని లెక్కపెట్టాను. ఎనిమిది. తర్వాత ఆగిపోయింది.”

పోట్లాట దేనికని నిమిషాలమ్మ అడిగింది. దుకాణాన్ని తన పేరు మీదికి మారుస్తానని తండ్రి పట్టుబట్టాడనీ, నిన్న పదకొండింటికి వకీలు దగ్గరికి వెళ్లాలనీ, తనే వద్దన్నాననీ ఆమె చెప్పింది. తొమ్మిదేళ్లు ఆ బల్ల దగ్గర చాకిరీ చేసిన తన భర్తకి మనసు కష్టపడుతుందని ఆమె బాధ. అప్పుడు ఆయన ఎక్కడున్నాడంటే, వెనక వరండాలో కిరసనాయిల్లో చక్రాలు కడుగుతున్నాడంది.

“నా జబ్బు సంగతి ఆయనకి అంతా తెలుసమ్మా. ఒక్కమాట ఆయన్ని అడగమనండి.”

“అడిగాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “నా భార్యకి ఏ జబ్బూ లేదని రాసి సంతకం పెట్టాడు.”

అమ్మాయి అతని వంక జాలిగా చూసింది. పోలీసులు ఇలాంటివి కల్పించి చెబుతారని ఎవరో ఆమెకి చెప్పి ఉంటారు. ఆమె ఒక్క అక్షరం కూడా నమ్మలేదని నిమిషాలమ్మకి అర్థమైంది.

రెండూ యాభై అయిదుకి వాళ్లు దుకాణం చేరారు. సాక్ష్యం తారుమారు కాకుండా చూడాలి కాబట్టి తనూ వస్తానని ఇన్‌స్పెక్టర్ వెంటబడ్డాడు. నిమిషాలమ్మకి కావలసిందీ అదే. తను కనిపెట్టింది అతని కళ్లముందు జరగకపోతే రేపు అది తనే అక్కడ పెట్టానంటాడు.

ముందు దర్జీని పిలిచింది. నిన్న పదింటికి అతను మిషను తొక్కుతున్నాడు, ఆ రొదలో గంట వినపడే ప్రసక్తే లేదు. కాని రెండు దుకాణాలకీ మధ్య ఒకటే చెక్కగోడ. ఆ గోడకి తగిలించిన కత్తెర రెండుసార్లు అదిరిందని చెప్పాడు.

“రెండింటికీ మధ్య ఎంతసేపు?”

“సేపా పాడా అమ్మా. ఒకటీ, రెండూ. దాదాపు కలిసే వచ్చాయి. నేను కుట్టు పూర్తిచేసి, మిషను ఆపి వచ్చేసరికి మూడు నిమిషాలైంది.”

నిమిషాలమ్మ టేపు తీసింది. మెట్ల కింద సుద్దతో గీసిన మేస్త్రి గుర్తుకీ, బల్ల పక్కన ఎండిన నెత్తుటి మరకకీ మధ్య పద్నాలుగు అడుగుల దూరం. మెట్లు పదకొండు. పై మెట్టు మీద మనిషిని తోసి, పదకొండు మెట్లు దిగి, పద్నాలుగు అడుగులు నడిచి పడటానికి ఎంత తొందరపడ్డా ఏడెనిమిది సెకన్లు కావాలి. ఇన్‌స్పెక్టర్‌ని దిగి చూపించమంది. అతను బూట్లు టకటకలాడించుకుంటూ దిగాడు. తొమ్మిది సెకన్లు పట్టింది.

“దర్జీ చెప్పింది పట్టుకుని పోస్టుమార్టం తిరగరాస్తారా ఏంటి?” అన్నాడు ఆయాసపడుతూ.

“పోస్టుమార్టం నేనూ చదివాను. నుదురు పగిలింది, ముక్కు ఎముక విరిగింది, అరచేతుల మీద గీత కూడా లేదు. వెనకనుంచి తోస్తే పసిపిల్లాడైనా చేతులు ముందుకి పెడతాడు కదండీ. ఈయన ఎందుకు పెట్టలేదు?”

అతను మీసం సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

దుకాణంలో మొత్తం ఇరవై మూడు గడియారాలున్నాయి. గంటలు కొట్టేవి వాటిలో తొమ్మిది, అన్నీ పాతకాలం గోడ గడియారాలే. ఒక్కోదాని ముఖం మీద కీ ఇవ్వడానికి రెండేసి కన్నాలు. కుడివైపుది ముళ్లని నడిపే స్ప్రింగుకి, ఎడమవైపుది గంటలు కొట్టే స్ప్రింగుకి. రిపేరుకి వచ్చిన గడియారం గడప దాటగానే గంటల స్ప్రింగు వదులు చేసేయడం ఈ దుకాణం పద్ధతి. మళ్లీ దానికి కీ ఇచ్చేది సొంతదారు ఇంట్లో తగిలించాకే. మేస్త్రికి చాదస్తమని ఖాతాదారులు నవ్వుకునేవారట. ఆ చాదస్తం తండ్రీకూతుళ్ల ప్రాణాలు కాపాడుతోందని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

“ఎవరో ఒకరు నిన్న తొమ్మిదిన్నర తర్వాత ఒక గడియారానికి ఎడమ కన్నంలో కీ ఇచ్చారు,” అంది నిమిషాలమ్మ. “పూర్తిగా ఇస్తే అది గంటగంటకీ కొడుతూనే ఉంటుంది, దొరికిపోతారు. అందుకని ఆ ఒక్కసారికి సరిపోయేటంత ఇచ్చారు. చుట్టో, చుట్టున్నరో. పదింటికి కొట్టి, ఊపిరి అయిపోయి, మళ్లీ మిగతావాటిలాగే మూగదైపోవాలి. ఎవరొచ్చి చూసినా స్ప్రింగు వదులుగానే ఉంటుంది.”

“అంటే సాక్ష్యం లేదని మీరే చెబుతున్నారు.”

“సాక్ష్యం మిగిలిపోయిందంటున్నాను. రండి, ఇలా నిలబడి లెక్కపెట్టండి.”

కొక్కేనికి వేలాడుతున్న కీ తీసుకుని మొదటి గడియారం ఎడమ కన్నంలో పెట్టి ఒక చుట్టు తిప్పింది. గడియారం పలకలేదు. రెండోది పలకలేదు. మూడోదీ, నాలుగోదీ అంతే. గంట కొట్టే వేళ కాలేదు కనక అవి పలకకూడదు కూడా. ఆరోదాని దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆవలించాడు. ఏడోది బల్ల వెనక గోడకి, సరిగ్గా మెట్లకి ఎదురుగా ఉంది. కీ ఒక చుట్టు తిరిగిందో లేదో లోపల చక్రం గిర్రుమంది, సుత్తి లేచింది. మూడూ ఇరవై ఆరుకి, ఏ గంటా కాని వేళ, ఆ గడియారం రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఆవలింత సగంలోనే నిలిచిపోయింది.

“పది కొట్టాల్సింది. ఎనిమిది కొట్టేసరికి స్ప్రింగులో బలం అయిపోయింది,” అంది నిమిషాలమ్మ. “ఇలాంటి పాత గడియారాలు లెక్క మధ్యలో ఆగితే అక్కడే ఉండిపోతాయి. మళ్లీ కీ ఇచ్చినప్పుడు మిగిలింది పూర్తిచేస్తాయి. ఆ అమ్మాయి నేల మీద బిగుసుకుని పడుండి కూడా లెక్క తప్పు చెప్పలేదు. కీ ఇచ్చినవాళ్లదే రెండు గంటలు తక్కువైంది. ముసలి స్ప్రింగని మర్చిపోయారు.”

మిగిలిన రెండిటికీ కూడా కీ ఇచ్చి చూపించింది. అవి పలకలేదు. ఇన్‌స్పెక్టర్ తెలివితక్కువవాడు కాడు, మొండివాడు. ఏడో గడియారాన్ని కాసేపు పరీక్షగా చూసి, సరే, గంట కొట్టిందనే ఒప్పుకుందాం, మేస్త్రి కూతురు కాబట్టి ఆ కీ ఆమే ఇచ్చి ఉంటుందన్నాడు.

“తను కీ ఇచ్చిన గంట కోసం ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. ఎదురుచూసే చప్పుడు వీళ్లని ఇలా పడగొట్టదని డాక్టరు రాశాడు. మరి ఆమె గడ్డం ఎముక దాకా ఎందుకు చిట్లింది?”

“జబ్బే ఉంటే కదా ఈ లెక్కలన్నీ. ఆరేళ్లు కాపురం చేసిన మొగుడు లేదంటున్నాడు.”

“అదే నేనూ అంటున్నాను. ఈ పని చేసినవాడికి రెండు సంగతులు తెలియాలి. గడియారం తెలియాలి, ఉలుకు తెలియాలి. మేనత్తకి ఉలుకు తెలుసు, గడియారానికి కీ ఇవ్వడం కూడా రాదు. రెండూ తెలిసిన మనుషులు ఆ ఇంట్లో ముగ్గురు. ఒకాయన పోయాడు, ఒకమ్మాయి పడింది. మూడో అతను నాకేం తెలియదని సంతకం పెట్టాడు. ఆమె జైలుకెళితే దుకాణం మిగిలేది అతని చేతిలోనే.”

అతనికి బలమైన సాక్ష్యం ఉందని ఇన్‌స్పెక్టర్ గుర్తుచేశాడు. తొమ్మిదీ యాభై అయిదుకే బ్యాంకు రిజిస్టరులో సంతకం చేశాడు, పదిన్నర దాకా నిచ్చెన మీదే ఉన్నాడు, పదిమంది చూశారు. గడియారానికి కీ ఇచ్చి వెళ్లేవాడు బ్యాంకులో ఉన్నా ఒకటే, గుళ్లో ఉన్నా ఒకటే అంది నిమిషాలమ్మ. చివరికి అంతా ఒక్క ప్రశ్న దగ్గర ఆగింది. భార్యకి జబ్బుందని అతనికి తెలుసా, తెలియదా? తెలుసని రుజువైతే ఆమె ఈ సాయంత్రం కొడుకుతో ఇంటికి వెళుతుంది. రుజువు కాకపోతే అయిదింటికి మేజిస్ట్రేటు.

“పిలిపించండి. బిడ్డని కూడా తెమ్మనండి. ఆ తల్లి పిల్లాణ్ణి చూసి ముప్ఫై గంటలు దాటింది,” అంది నిమిషాలమ్మ.

మేస్త్రి అల్లుడు నాలుగూ పదికి స్టేషనుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. కుడికన్ను చుట్టూ భూతద్దం పెట్టుకుని పెట్టుకుని పడిన గుండ్రటి మచ్చ. భుజం మీద బిడ్డ నిద్రపోతున్నాడు. వీపు మీద అతని చెయ్యి ఒకే తూకంలో తడుతూనే ఉంది. బిడ్డని ఎత్తుకోవడం బాగా తెలిసిన చెయ్యి అది. మంచి తండ్రులందరూ మంచివాళ్లు కానక్కర్లేదని నిమిషాలమ్మ తనకి తాను చెప్పుకుంది.

మేస్త్రి కూతుర్ని గోడవారన నిలబెట్టారు. లేడీ కానిస్టేబుల్ ఎవరూ చెప్పకుండానే ఆమె పక్కన, పడితే పట్టుకునేటంత దగ్గరగా నిలబడింది. బిడ్డని అందుకోవడానికి తల్లి చేతులు చాచింది గాని, ముందు వాంగ్మూలం కానివ్వమని ఇన్‌స్పెక్టర్ ఆపాడు.

నిమిషాలమ్మ సూటిగా మొదలుపెట్టింది.

“పెళ్లయి ఎన్నేళ్లయింది బాబూ?”

“ఆరేళ్లండీ.”

“ఆరేళ్లలో ఈ అమ్మాయి బిగుసుకుపోయి పడటం ఎన్నిసార్లు చూశారు?”

“ఒక్కసారీ చూడలేదండీ.”

గోడవారనుంచి ఏమండీ అన్న పిలుపు చాలా మెల్లిగా వినిపించింది. అతను అటు తిరగలేదు. నిమిషాలమ్మ ఆ అమ్మాయి మొహం వంక చూసింది. ఒక రోజంతా లాకప్పూ చేయలేని పని ఆ ఒక్క జవాబు చేసింది.

ఆమె రోజూ వేసుకునే మాత్రలేమిటనుకున్నారని అడిగితే, తలనొప్పికనుకున్నానన్నాడు. దుకాణంలో గంటల స్ప్రింగులు ఎందుకు విప్పేస్తారంటే, మామయ్యకి చప్పుడంటే చిరాకని చెప్పేవారన్నాడు. మూడూ ఇరవై ఆరుకి ఏడో గడియారం రెండు గంటలు కొట్టిన సంగతి చెప్పినప్పుడు మాత్రం తడుతున్న చెయ్యి ఒక్క తట్టు తప్పింది. పెదవులు ఏదో లెక్క కట్టినట్టు కదిలాయి. వెంటనే తేరుకుని, నిజంగా అలాంటి జబ్బే ఉంటే పెళ్లినాడే దాచిపెట్టి తన గొంతు కోశారన్నమాట అని కళ్లు తుడుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఆ కన్నీళ్లు బాగా నచ్చాయి. చూశారా, అతనికి తెలియదు, పాపం అతనే మోసపోయాడని తీర్పు చెప్పేశాడు.

“అతనికి తెలుసు. మీకే తెలియడం లేదు,” అంది నిమిషాలమ్మ.

“రుజువేదీ?” అని ఇన్‌స్పెక్టర్ కేసు డైరీ ఎత్తి ఇనప బల్ల మీద కొట్టాడు.

గది దద్దరిల్లింది. మేస్త్రి కూతురు నిలువునా కొయ్యబారింది, కానిస్టేబుల్ ఆమెని చేతుల్లో పట్టి నేలకి దించింది. ఆ వెంటనే నిమిషాలమ్మ చూపు బిడ్డ మీద పడింది. పిల్లాడు ఏడవలేదు. నిద్రలోనే పిడికిళ్లు బిగించి, మెడ వెనక్కి విరుచుకుని, తండ్రి చేతుల్లో చెక్కలా బిగుసుకుపోయాడు. ఛాతీ కదలడం లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. తాత నుంచి తల్లికీ, తల్లి నుంచి వీడికీ దిగిన ఉలుకది. బిడ్డని తీసుకురమ్మన్నది తనే. ఇన్నేళ్లలో మొదటిసారి నిమిషాలమ్మకి ఏంచేయాలో తోచలేదు.

నేలమీద కళ్లు మాత్రమే కదిలే తల్లి ఆ పసివాడి వంకే చూస్తోంది.

అల్లుడు కదలకుండా నిలబడ్డాడు. ఆ తర్వాత అతని ఎడమచెయ్యి బిడ్డ తల వెనక్కి, కుడిచెయ్యి మోకాళ్ల కిందికి వెళ్లాయి. ఎవరి వంకా చూడకుండా, ఏమాత్రం తడబడకుండా, తలనీ కాళ్లనీ పొట్టవైపుకి మెత్తగా మడిచి దగ్గరికి నొక్కి పట్టుకున్నాడు. బిగువు సడలింది. పిల్లాడు ఎగశ్వాస తీసి, గుక్క తిప్పుకుని, స్టేషనంతా వినపడేలా ఏడుపు లంకించుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ బల్లకి ఆనించి, ఆ మడిచి పట్టుకున్న చేతుల్నే చూశాడు.

“అది నీకెవరు నేర్పారు?” అన్నాడు.

జవాబు నేలమీంచి వచ్చింది.

“మా నాన్న నేర్పాడు సార్,” అంది మేస్త్రి కూతురు, కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని లేచి కూర్చుంటూ. “వీడు పుట్టిన నాలుగో రోజున. ఈయన చేతులు పట్టుకుని మరీ నేర్పాడు. ఉలుకు సంగతి తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఎప్పుడూ వాడి పక్కనుండాలి, లేకపోతే ఊపిరాడదు అని చెప్పాడు.”

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఉన్న వాంగ్మూలం కాగితాన్ని తీసి, ‘నా భార్యకి ఏ జబ్బూ లేదు’ అన్న వాక్యం దాకా చదివి, కింద పెట్టాడు. నిమిషాలమ్మ అతన్ని ఏమీ అనలేదు. గెలిచినప్పుడు మాట్లాడనక్కర్లేదని ఆమె నమ్మకం. పైగా ఆమె కళ్లు ఇంకా చేతి గడియారం మీదే ఉన్నాయి. డైరీ బల్ల మీద పడిన క్షణం నుంచి అల్లుడి చెయ్యి కదిలిన క్షణం దాకా ఆమెకి తెలియకుండానే లెక్క జరిగిపోయింది. ఆ లెక్క పైకి చెప్పాలో వద్దో ఆమె తేల్చుకోలేకపోయింది. అవసరం రాలేదు.

“తెలియనట్టే నిలబడిపోదామనుకున్నానండీ,” అన్నాడు అల్లుడు, ఏడుస్తున్న బిడ్డని ఇంకా అలాగే పట్టుకుని. “రెండు సెకన్లు నిలబడ్డాను కూడా.”

ఇన్‌స్పెక్టర్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, బిడ్డని అతని చేతుల్లోంచి తీసుకుని తల్లికి అందించాడు.